ఊరిని అడిగి మొదలుపెట్టాం: మలావీలో మా కుటుంబ పరిచర్య

మేం ఆఫ్రికాలోని మలావీ దేశానికి వెళ్తున్నామని చెప్పినప్పుడు ఒంగోలులో మా సంఘంవాళ్లు ముందుగా అడిగింది, "అక్కడ మనవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. "అక్కడివాళ్లు మనకంటే ముందే నమ్ముకున్నవాళ్లంట కదా, మీరు వెళ్లి ఏం చేస్తారు?"

మనవాళ్ల సంగతికొస్తే, 1903లో జాన్ రంగయ్య గారు నెల్లూరు వైపు నుంచి భార్యాపిల్లలతో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లారు. ఆయన్ని పంపింది తెలుగు బాప్టిస్టుల సొంత మిషనరీ సంఘమే. అక్కడ తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది ఉండేవాళ్లు, ఆయన వాళ్ల మధ్యకి వెళ్లారు. మేం వెళ్లిన పల్లెల్లో తెలుగు మాట విన్నవాళ్లు లేరు.

రెండో ప్రశ్న న్యాయమైనది. మలావీలో నూటికి డెబ్బై అయిదు మందికి పైగా క్రైస్తవులే. స్కాట్లాండు మిషనరీలు 1875, 1876లోనే అక్కడ అడుగుపెట్టారు. బ్లాంటైర్ నగరంలో 1891లో పూర్తయిన సెయింట్ మైకేల్ గుడిలో ఈరోజుకీ ఆరాధన జరుగుతోంది. 1900లో జాన్ చిలెంబ్వే అనే మలావీ బాప్టిస్టు పాస్టరు సొంతంగా మిషన్ పెట్టి బడులు నడిపారు. 1915లో తోటల యజమానుల దౌర్జన్యం మీద తిరగబడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇప్పుడు ఆయన బొమ్మ వాళ్ల నోట్ల మీద ఉంది. అలాంటి దేశానికి మనం సువార్త మోసుకెళ్తున్నామని అనుకోకూడదు. వాళ్లు పిలిచారు, అందుకే వెళ్లాం.

ఆ పిలుపు ఎలా వచ్చిందంటే, బెంగళూరులో బైబిలు కాలేజీలో చదువుకునే ఒక మలావీ పాస్టరు గారు సెలవులకి మా ఇంటికి వచ్చేవారు. మా ఆయనది గ్రామీణ నీటి సరఫరాలో కాంట్రాక్టు ఉద్యోగం, చేతి పంపులు బాగుచేసే పని. ఆయన బండి మీద ఊళ్లు తిరిగి పాస్టరు గారు ఆ పంపుల్ని చూశారు, మా అమ్మ నడిపే డ్వాక్రా గ్రూపు మీటింగులో కూర్చున్నారు, నేను నర్సుగా చేసే చోటికీ వచ్చారు. తన దేశం వెళ్లాక వాళ్ల సంఘాల సమాఖ్యలో ఈ సంగతులు చెప్పారు. జోంబా జిల్లాలో చిల్వా సరస్సు వైపు పల్లెల్లో ఉన్న చిన్న చిన్న బాప్టిస్టు సంఘాల సమాఖ్య అది. పెద్దలు మాట్లాడుకుని మాకొక ఉత్తరం రాశారు. ఊళ్లలో పంపులు చెడిపోయి పడున్నాయి, బాగుచేయడం మా పిల్లలకి నేర్పండి. ఆడవాళ్ల పొదుపు గ్రూపులకి లెక్కలు రాయడం నేర్పండి. పసిపిల్లలకి తూకం వేసే రోజుల్లో సాయానికి ఒక నర్సు కావాలి. ఇంతే రాశారు. సువార్త కూటాలు పెట్టమని ఎక్కడా లేదు, ఆ పని వాళ్లు మనకంటే బాగా చేసుకుంటున్నారు. ఆ ఉత్తరాన్ని సంఘంలో చదివి వినిపించిన రోజు మా ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఇక డబ్బు సంగతి. మా స్త్రీల సమాజంవాళ్లు అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి, నెలాఖరున సంఘానికి తెచ్చి పోస్తారు. ఆ బియ్యం అమ్మిన డబ్బంతా మాకే ఇస్తామన్నారు. అప్పుడు ఆడిటరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన సంగతి, విదేశానికి వెళ్లాలనుకునే ప్రతి కుటుంబానికీ తెలియాలి. మన దేశంలో రిజిస్టరైన ధర్మాదాయ ట్రస్టు తన ఆదాయాన్ని బయటి దేశంలో ఖర్చుపెడితే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, ఆ మొత్తానికి పన్ను మినహాయింపు ఉండదు. వ్యక్తులు మాత్రం రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద, అంటే సొంత డబ్బు విదేశాలకి పంపుకునే పథకం కింద, ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చు. అందుకని బియ్యం డబ్బు ఇక్కడే మా శిక్షణకీ వైద్య పరీక్షలకీ వాడాం. నెలనెలా మా పోషణకి మాత్రం కొన్ని కుటుంబాలు ఎవరి పేరు మీద వాళ్లు బ్యాంకు ద్వారా పంపుతున్నారు. అందులో ఒకరు రిటైరైన టీచరమ్మ, పింఛను పడిన మర్నాడే పంపేస్తారు. వాళ్ల పేర్లు మా వంటింటి తలుపు వెనక రాసి ఉన్నాయి, రోజూ ప్రార్థనలో చదువుతాం.

పర్మిట్ సంగతి ఎక్కువ చెప్పను. అక్కడ పనిచేయడానికి తాత్కాలిక ఉద్యోగ పర్మిట్ కావాలి, మన పేరున సమాఖ్యే దరఖాస్తు పెట్టాలి. ఇక్కడి నుంచి పోలీసు క్లియరెన్సు, చదువు సర్టిఫికెట్లు పట్టుకెళ్లాలి. నాకు అదనంగా అక్కడి నర్సుల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కావాలి. అది వచ్చేదాకా నేను సూది పట్టుకోలేదు. చాలా టెన్షన్ పడ్డాం గానీ, ఏ కాగితమూ అడ్డదారిలో తెచ్చుకోలేదు.

2021 చివర్లో అడిస్ అబాబా మీదుగా బ్లాంటైర్‌లో దిగాం. అక్కడి నుంచి జోంబా కారులో గంటన్నర లోపే. 1975 వరకు దేశ రాజధాని ఆ ఊరే. వెనక పెద్ద కొండ, ముందు మైదానం, ఆ మైదానం చివర చిల్వా సరస్సు. సరస్సు చుట్టూ వరి పండిస్తారు. మడుల్లో ఆడవాళ్లు వంగి నాట్లు వేయడం చూసి మా అమ్మాయి, "అమ్మా, మన కొత్తపట్నం దారిలాగే ఉంది" అంది.

మొదటి నెలల్లో మేం భాష నేర్చుకోవడం తప్ప ఇంకేం చేయలేదు. సమాఖ్య పెద్దలు అలాగే చేయమన్నారు. చిచేవా భాషలో పలకరింపులు అయ్యేదాకా పని మాట ఎత్తకూడదు. ఎలా ఉన్నారు, ఇంట్లో ఎలా ఉన్నారు, ఎలా నిద్రలేచారు, అన్నీ కావాలి. ఆడవాళ్లు పెద్దల ముందు మోకాళ్ల మీద కూర్చుని పలకరిస్తారు. ఎవరింటి ముందుకెళ్లినా "ఓడీ" అని పిలిచి నిలబడాలి, లోపలి నుంచి రమ్మన్నాకే అడుగు వేయాలి. రోజూ న్సిమా తినేవాళ్లం. తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంగటి లాంటిదే, చేత్తో ముద్ద చేసి ఆకుకూరతోనో ఎండుచేపలతోనో తింటారు. మా చుట్టుపక్కలవాళ్లు మా ఆయన్ని తరచూ, "కొట్టు ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగేవాళ్లు. ఆ దేశంలో భారతీయులంటే చాలాకాలంగా వ్యాపారులు, ఎక్కువమంది గుజరాతీలు. కొట్టు లేని భారతీయుణ్ణి వాళ్లు అంతకుముందు చూడలేదు.

తర్వాత ఒప్పందం రాసుకున్నాం. ఈ అనుభవమంతటిలో నేను అన్నిటికంటే విలువైనదిగా అనుకునేది ఆ ఒప్పందమే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. మాకు చూపించిన ఊరికి పెద్ద ఒక ఆడమనిషి. అక్కడ దక్షిణ జిల్లాల్లో భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది, అల్లుడే భార్య ఊరికి వచ్చి ఉంటాడు, ఊరి పెద్దరికం కూడా ఆడవాళ్లకి రావచ్చు. మామిడిచెట్టు కింద చాపలు పరిచారు. సమాఖ్య పెద్దలు, స్త్రీల సమాజం వాళ్లు, ఊరి మసీదు ఇమాం గారు అందరూ వచ్చారు. ఆ వైపు యావో జాతివాళ్లలో ముస్లింలు ఎక్కువ, నీళ్ల పంపు అందరిదీ. ఒక్కో అంశం చిచేవాలో చదువుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్తారు, అది తేలాకే తర్వాతది.

పని కోసం వచ్చే డబ్బు ఏదీ మా చేతికి రాకూడదు, సమాఖ్య ఖాతాకే రావాలి, ఇద్దరి సంతకాలతో తీయాలి. జమాఖర్చులు మూడు నెలలకోసారి ఊళ్లో అందరి ముందూ చదవాలి. నీళ్లకైనా మందులకైనా ఎవరినీ మతం అడగకూడదు. ఇవన్నీ తొందరగానే ఒప్పుకున్నారు. చివర్లో ఒక ముసలామె లేచి, "వీళ్లు ఎప్పుడు వెళ్లిపోతారో అది కూడా రాయండి" అంది. నా గుండె ఒక్కసారి ఝల్లుమంది, మేం రావడం ఇష్టంలేదేమో అనుకున్నాను. ఆమె నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. ఇదివరకు ఎవరో వచ్చి ఆసుపత్రి గది కట్టడం మొదలుపెట్టారంట, గోడలు లేచాక డబ్బు అయిపోయిందని చెప్పకుండానే వెళ్లిపోయారంట. "మీరు పోయే రోజు మాకు తెలిస్తే, ఆలోపు ఏం నేర్చుకోవాలో మేం చూసుకుంటాం" అంది. అలా ప్రతి పనికీ ఒక గడువు రాశాం, ఆ గడువుకి ఆ పని ఎవరి చేతికి వెళ్లాలో కూడా రాశాం. మా ఆయన ఈ రోజుకీ ఆమెనే మా మొదటి గురువు అంటారు.

పంపులతో మొదలుపెట్టాం. మన పల్లెల్లో కనిపించే ఇండియా మార్క్-2 గట్టిదే గానీ, లోపల చెడిపోతే ఇనుప పైపులన్నీ పైకి లాగాలి, దానికి మెకానిక్కులు, సామాన్లు కావాలి. మలావీలో ఎక్కువగా ఉండేది ఆఫ్రిదేవ్ పంపు. 1980ల్లో మలావీ, కెన్యాల్లోనే దాన్ని తయారుచేశారు, ఊరివాళ్లే బాగుచేసుకోవాలన్న ఉద్దేశంతో. మా ఆయన ఆ పంపుని ఎంత ఇష్టపడ్డారో చెప్పలేను. ఒక్క స్పానరుతో పై మూత విప్పొచ్చు. హ్యాండిల్ తీసేసి రాడ్లు పైకి లాగితే, కొక్కేల్లా ఒకదాన్నుంచి ఒకటి ఊడి వస్తాయి. చివరన నీళ్లని పైకి తోసే ప్లంజరుకి రబ్బరు సీలు ఉంటుంది. పంపు నీళ్లు పోయట్లేదంటే చాలాసార్లు అరిగేది అదే.

నీటి కమిటీలో సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్లు. బిడ్డని వీపుకి కట్టుకున్న ఒకామె మొదటిసారి ఆ సీలు మార్చిన రోజు నేనక్కడే ఉన్నాను. పాత సీలు తీసి వేళ్ల మధ్య పట్టుకుని, అరిగిన అంచు అందరికీ చూపించింది. కొత్తది నీళ్లలో తడిపి, దాని పెదవి లాంటి అంచు పైకి ఉండేలా ఎక్కించింది, రాడ్లు ఒక్కొక్కటే దించింది. హ్యాండిల్ కొడుతుంటే ముందు గాలి చప్పుడే వచ్చింది, కాసేపటికి నీళ్లు వచ్చాయి. ఆడవాళ్లంతా ఒక్కసారిగా నాలుక ఆడిస్తూ సన్నటి గొంతుతో కూతలు పెట్టారు, వాళ్ల సంతోషం అలాగే ఉంటుంది. చెడిపోయి పడున్న పంపుల్లో చాలావాటికి కావలసింది అంతే, ఒక రబ్బరు ముక్క, అది మార్చే మనిషి. ఇంటికింత అని ప్రతి నెలా చందా వేసుకుని ఆ సీళ్లు ఊళ్లోనే కొని దాచుకుంటున్నారు.

పొదుపు గ్రూపుల దగ్గర నేను నేర్పింది తక్కువ, నేర్చుకున్నది ఎక్కువ. వాళ్లకి బ్యాంకు లింకేజీ లేదు. ఒక ఇనుప పెట్టె, దానికి మూడు తాళాలు. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో ఆమె ఇంట్లో. అందరూ కూర్చున్నాకే పెట్టె తెరుస్తారు, డబ్బు చాప మీద పోసి పైకి లెక్కపెడతారు. మూసే ముందు పెట్టెలో ఎంత మిగిలిందో అందరూ గట్టిగా చెప్పి గుర్తుపెట్టుకుంటారు. వచ్చే వారం తెరవగానే అదే మొత్తం ఉందో లేదో చూస్తారు. చదువు రాని ఆమె దగ్గర కూడా లెక్క ఉంటుందన్నమాట. మా అమ్మకి ఫోన్‌లో చెప్తే, "మా గ్రూపులో కూడా ఇలా పెడితే బాగుండేదే" అంది. ఏడాది చివర పెట్టె పగలగొట్టినట్టు మొత్తం పంచేసుకుంటారు. విత్తనాలకీ ఎరువులకీ డబ్బు కావలసిన సమయం అదే, నవంబరు డిసెంబరుల్లో తొలకరి పడుతుంది.

2022 మార్చిలో మొదలైన కలరా దేశమంతా పాకి, పదిహేడు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలతో కలిసి నీళ్ల బిందెల్లో క్లోరిన్ వేస్తూ, ఓఆర్ఎస్ కలపడం చూపిస్తూ ఊళ్లు తిరిగాను. అది ఇంకా తగ్గకముందే 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను వచ్చింది. ఆస్ట్రేలియా వైపు పుట్టి హిందూ మహాసముద్రమంతా దాటి, మొజాంబిక్‌ని రెండుసార్లు కొట్టి మా మీదికి వచ్చింది. ఆరు నెలల్లో పడాల్సిన వాన ఆరు రోజుల్లో పడిందని చెప్పారు. అయిదు లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి బడుల్లో, గుళ్లలో తలదాచుకున్నారు. మా పిల్లలు బడి గదుల్లో పడుకున్న పిల్లలకి తమ దుప్పట్లు ఇచ్చేశారు, మేం చెప్పలేదు.

మా మామగారిది అవనిగడ్డ దగ్గర. 1977 నవంబరు ఉప్పెన చూసిన మనిషి. ఫోన్ కలవగానే ఆయన అన్న మాట, "అమ్మాయ్, వరసలో ముందు నిలబడేది ఇంట్లో ఇంకా మనుషులు మిగిలినవాళ్లు. అందరినీ పోగొట్టుకున్నవాళ్లు వరసకే రారు. ముందు వాళ్లని వెతకండి." ఈ మాట నేను పాస్టరు గారికి చెప్పాను. ఆయన, ఇమాం గారు, ఊరి పెద్దమ్మ ముగ్గురూ కలిసి శిబిరాల్లో మూలల్లో కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లి జాబితా రాశారు. పిండి, బకెట్లు, సబ్బులు ఆ జాబితా ప్రకారమే ఇచ్చారు. ముగ్గురి సంతకాలు లేని పేరుకి ఏదీ ఇవ్వలేదు.

ఆ రోజుల్లోనే మాకు సాయం పంపేవాళ్లలో ఒకరు, "ఇంత చేస్తున్నారు కదా, ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు? ఫొటోలు పంపండి" అని అడిగారు. వాళ్లది మంచి మనసే, దానికి నాకు కోపం రాలేదు. కానీ జవాబు మాత్రం గట్టిగానే ఇచ్చాను. మా ఒంగోలు చరిత్రే చెప్పాను. 1876-78 ధాత కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చారు, కూలి ఇచ్చారు. ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం ఎవరూ రాకూడదని. సాయం అయిపోయాకే మళ్లీ ఇచ్చారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఆకలి మీద ఉన్న మనిషి ముందు పిండి బస్తా ఒక చేత్తో, బాప్తిస్మం ఒక చేత్తో పట్టుకుని నిలబడడం నాకు చేతకాదు, అది ప్రభువు పని అని కూడా నేను నమ్మను. ఫొటోలు పంపలేదు. ఆ కుటుంబం సాయం ఆపేసింది. వాళ్ల పేరు తలుపు మీద అలాగే ఉంచాం.

2023 నవంబరులో మలావీ రిజర్వు బ్యాంకు, డాలరు ధర నలభై నాలుగు శాతం పెరిగేలా, అక్కడి డబ్బు క్వాచా విలువ తగ్గించింది. పెట్టెల్లో దాచిన డబ్బు ఒక్క రోజులో చిక్కిపోయింది. స్త్రీలు వెంటనే కూర్చుని, ఇక నుంచి నగదు ఎక్కువ ఉంచకుండా ఎరువులు, మొక్కజొన్న ముందే కొని పెట్టుకోవాలని తీర్మానం చేశారు. మమ్మల్ని సలహా అడగలేదు, నాకు చాలా సంతోషమైంది. మరుసటి ఏడాది వానలు లేక 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. అప్పుడు సమాఖ్య క్లౌ దొరగారి పద్ధతి ఎంచుకుంది. పిండి ఊరికే పంచకుండా, వాలు చేలల్లో అడ్డంగా గట్లు వేసి వాటి మీద వట్టివేరు నాటేవాళ్లకి కూలిగా ఇచ్చింది. పని చేయలేని ముసలివాళ్లకి, గర్భిణులకి ఊరికే ఇచ్చింది.

మా పిల్లల గురించి అందరూ అడుగుతారు. వాళ్లు జోంబాలో చదువుకుంటున్నారు. అమ్మాయి చిచేవాలో కలలు కంటుంది, నిద్రలో మాట్లాడుతుంటే వింటాను. అబ్బాయికి తెలుగు చదవడం రావట్లేదని నాకు బెంగ ఉంది. రాత్రిళ్లు తెలుగు బైబిల్లో కీర్తనలు కూడబలుక్కుని చదివిస్తున్నాను. జ్వరం వచ్చినప్పుడల్లా మలేరియా పరీక్ష చేయించాలి, నర్సునైనా ఆ ఫలితం వచ్చేదాకా ఊపిరి ఆడదు. అమ్మమ్మని, నాయనమ్మని పండగలకి చూడలేకపోవడం వాళ్లకి నిజంగా నష్టమే. అది దేవుని పని కోసం అని చెప్పి ఆ బాధని తేలిక చేయలేను.

ఒప్పందంలో రాసిన గడువు ప్రకారం పంపుల పని సమాఖ్య చేతికి వెళ్లిపోయింది. మా ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లు విడిభాగాల కొట్టు పెట్టారు, సీళ్లు, బుష్‌లు అక్కడే దొరుకుతాయి. ఇప్పుడు సమాఖ్య కొత్తగా ఒకటి అడుగుతోంది. నీటి కమిటీలో ఆ సీలు మార్చిన ఆమెనీ, పొదుపు గ్రూపు లెక్కలు రాసే ఇంకొకామెనీ ప్రకాశం జిల్లాకి పంపి, డ్వాక్రా సంఘాలు బ్యాంకు అప్పులు ఎలా తీర్చుకుంటున్నాయో చూసి రమ్మంటామంటున్నారు. వాళ్ల మూడు తాళాల పెట్టె సంగతి మనవాళ్లకి చెప్తారంట. పాస్‌పోర్టులకి దరఖాస్తు పెట్టారు. ఆహ్వాన పత్రం మన సంఘం రాయాలి, మా అమ్మ తన గ్రూపులో ఎవరింట్లో ఎవరు దిగాలో ఇప్పటికే పంచేసుకుంది.